మేక పేలు మనిషికి ఎక్కవు

సులోచన మేకలకు పేలు పడ్డాయన్న కబురు విన్నప్పుడు నాకు కొంచెం సంతోషం కలిగింది. ఈ వయసులో దాచుకుని చేసేదేమీ లేదు కనుక ఆ మాట ముందే రాస్తున్నాను. సులోచన మా చిన్నాయన కూతురు, నాకంటే కొద్దిగా చిన్నది. మా నాయన ఇంటికి పెద్దకొడుకు, ఆయనకు నేను ఒక్కతినే సంతానం. అంచేత ఊళ్లో అందరూ దొరగారి ఇల్లు అని పిలిచే ఆ ఇంటికి వారసురాలిని నేను. ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఊరు కూడా హైటెక్ సిటీ వెనుక ఒక బస్‌స్టాప్ పేరుగానే మిగిలింది. నాకు రావలసిన నేల మీద ఎవరిదో అద్దాల మేడ లేచింది. దాని ముందు నుంచి క్యాబ్‌లో వెళ్లవలసి వస్తే నేను అటు తల తిప్పను. నిజాంపేటలో నా ఫ్లాట్ నాకు చాలు, ఎవరినీ ఏదీ అడగకుండా బతుకుతున్నాను. కానీ సులోచనకు ఇంకా నేల ఉంది. పంపకాల్లో చిన్నాయనకు విసిరేసినట్టు ఇచ్చిన రాళ్ల చెలక అది. మా నాయన తన వాటాను ముక్కముక్కగా అమ్మి ఇంటి పరువు నిలబెడుతుంటే, చిన్నాయన వాటాను కొనేవాడు లేక అది అలాగే ఉండిపోయింది. నల్లగండ్ల దాటాక, రెండు పెద్ద గేటెడ్ కమ్యూనిటీల ప్రహరీల మధ్య, ఆ బండల నడుమ సులోచన చిన్న ఇల్లు, ఒక కొట్టం, కొన్ని మేకలు. పక్క గేటులో తోటపని చేసేవాళ్లు కత్తిరించిన కొమ్మల్ని గోడ మీది నుంచి ఆమె మేకలకే వేస్తారు. నా నేల మీద అద్దాలు, ఆమె నేల మీద మేకలు. ఇద్దరిలో ఎవరికి ఏమి మిగిలిందో చూసే వాళ్లకు తెలుస్తుంది.

"అక్కా, జర రావే. పరేషాన్ల ఉన్న," అంది ఫోన్లో. "మేకలకు పేలు పడ్డయ్. పక్క గేటోళ్లు మేకల్ని ఈడికెళ్లి తీసెయ్యమంటున్నరు. వాళ్ల పిల్లలకు ఎక్కుతయంట. నేను చెప్తె ఇంటలేరు. నువ్వు నిలవడి మాట్లాడితె ఇంటరు."

"నేనేమన్నా పశువుల డాక్టర్నా?"

"కాదులే. దొరసానివి."

చిన్నప్పటి నుంచీ అది నన్ను అలాగే పిలుస్తుంది. అందులో గౌరవం ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

చలికాలం కావడంతో నేను వెళ్లే సరికి ఎండ ఇంకా పలచగానే ఉంది. మేకలు కొట్టం గోడకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. వెనకకాలితో మెడ గోక్కుంటున్నాయి. కొన్నిటికి భుజాల దగ్గర వెంట్రుక ఊడి చర్మం కనిపిస్తోంది. సులోచన ఒక నల్లమేకను మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకుని వంగింది. పెదవులు గుండ్రంగా చుట్టి, దాని వీపు మీద మెల్లగా ఊదింది. వెంట్రుకలు పువ్వు విచ్చినట్టు చుట్టూ విడిపోయి, మధ్యన తెల్లటి చర్మం, దాని మీద మెదిలే చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు బయటపడ్డాయి. చేతితో పాయ తీస్తే పేలు పక్కకు జారుకుంటాయి, ఊదితే దొరికిపోతాయి. ఆ ఊదే పద్ధతి మా బాపమ్మది. అంత పొడవున, అంత మెల్లగా, ఎక్కడా తెగకుండా ఊదడం ఆమె తరువాత లోకంలో ఒక్క సులోచనకే వచ్చు. నేను నేర్చుకోవాలని దిండు మీద, పిల్లి మీద, మా అమ్మ శాలువా మీద ఎంత ఊదినా నాకు రాలేదు. ఇన్నేళ్ల తరువాత ఆ పెదవులు అలా చుట్టడం చూడగానే నాకు కడుపులో పాత మంట మళ్లీ రాజుకుంది.

మా ఇంట్లో మేకలు ఉండవలసినవి కావు. ఎడ్లు, బర్రెలు, ఒకప్పుడు గుర్రం కూడా ఉండే ఇల్లది. అవన్నీ ఒకదాని వెనుక ఒకటి పోయాక, కొట్టం ఖాళీగా ఉంటే ఇల్లు ఏడుస్తున్నట్టుందని బాపమ్మ రెండు మేకల్ని తెప్పించింది. అవి పెరిగి చిన్న మంద అయ్యాయి. మా నాయన వాటిని మేకలు అని కూడా అనేవాడు కాదు, "ఆ జీవాలు" అనేవాడు. బాపమ్మకు అవే లోకం. తెల్లవారకముందే లేచి, తలకు తెల్లటి తువ్వాల చుట్టుకుని, పిడకల పొగ ఇంకా వాకిట్లో వేలాడుతుండగానే కొట్టంలోకి వెళ్లేది. ఆమె చీర కుచ్చిళ్లలో ఎప్పుడూ వేపనూనె, మేకపాలు, వక్కపలుకు కలిసిన ఒక వాసన. ఇప్పుడు ఏ అంగట్లోనూ దొరకని వాసన అది. జొన్నగట్క తినేటప్పుడు కూడా ఆమె చెవి కొట్టం వైపే ఉండేది. గిట్టల చప్పుడు విని ఏ మేకకు దురద పుట్టిందో చెప్పేది. ఆమెది మామూలు అహంకారం కాదు. మా ఇంటి పతనాన్ని ఆమె ఒప్పుకోనేలేదు. మేకల్ని కూడా దొరసాని కాసినట్టే కాసేది, వెన్ను వంచకుండా.

చిన్నాయన సంసారం ఇంటి వెనుక భాగంలో ఉండేది. చిన్నమ్మది మా నాయన లెక్కలో తక్కువ ఇల్లు, అందుకని వాళ్లు ముందు గుమ్మం వాడేవారు కాదు. సులోచన ఊరి పిల్లలతో తిరిగేది, వాళ్ల పక్కల్లో దొర్లేది, సర్కారు బడికి పోయేది. దాని తలనిండా పేలు. నా తల సంగతి వేరు. మా అమ్మ వారానికోసారి కుంకుడుకాయతో రుద్ది, కొబ్బరినూనె పెట్టి, కళ్లు పైకి లాగేంత బిగువుగా జడ వేసేది. మా వైపు ఎవరి తలలోనూ పేను ఉన్నట్టు నేను ఎరగను. ఆ సంగతి మాకు ఇంటిపేరంత గొప్ప.

మధ్యాహ్నం మేకల పని అయ్యాక బాపమ్మ వెనక వాకిలి గడప మీద కూర్చుని కాళ్లు చాపేది. "దా బిడ్డా, తల చూస్త," అనేది. సులోచన వెళ్లి ఒడిలో తల పెట్టేది. ఆ తరువాత పొద్దు వాలేదాకా ఆ తల ఆ ఒడిలోనే. బాపమ్మ వేళ్లు పాయలు తీస్తూ పోయేవి, బొటనవేలి గోళ్ల మధ్య టక్కున చప్పుడయ్యేది, నోట్లోంచి కథలు వచ్చేవి. మా తాత కచేరీ గదిలో కూర్చుని పంచాయితీలు ఎట్లా తీర్చేవాడు, గుర్రం ఎందుకు పోయింది, ఏ ముత్తవ్వ ఎవరి ముందు తల వంచలేదు. ఇవన్నీ మా వంశం కథలు, నాకు చెప్పవలసినవి. అవన్నీ వెనక వాకిలి పిల్ల చెవిలో పడుతుంటే నేను స్తంభం పక్కన నిలబడి సగం సగం వినేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి నేనూ వెళ్లి తల పెట్టాను. బాపమ్మ నా జడ పట్టుకుని అటూ ఇటూ చూసి ఎంతో సంతోషపడింది.

"నీ తల అద్దమే బిడ్డా. నీకు చూసే పనే లేదు. పో, సదువుకో పో."

మెచ్చుకుని లేపేసింది. నా జీవితంలో నన్ను చాలామంది మెచ్చుకున్నారు, అంత బాధ పెట్టిన మెప్పు మాత్రం మరొకటి లేదు. ఈర్ష్య అంటే ఒకరికి ఉన్న మంచిది మనకు లేదని ఏడవడం అంటారు. నేను ఒకరి పేలను చూసి ఏడ్చాను.

ఆ చలికాలమే మా మేకలకు పేలు పడ్డాయి. చలిలో వెంట్రుక దట్టంగా పెరుగుతుంది, మేత తగ్గుతుంది, వెచ్చదనం కోసం మేకలు ఒకదానికొకటి ఒరుసుకుని పడుకుంటాయి, పేలకు పండగ. ముందుగా చూసింది బాపమ్మే. వేపనూనె పట్టించడానికి మేకల్ని ముందు వాకిట్లోకి, ఎండలోకి తోలబోతే మా నాయన అడ్డం నిలబడ్డాడు.

"వద్దమ్మా. మన మేకలకు పేలు పడ్డయంటే ఊరోళ్లు ఏమంటరు? నగుతరు."

"నగితె నగనీ. పేనుకు ఇది దొర మేకని ఎరికయితదారా?"

అయినా ఆ రోజు ఆయన మాటే చెల్లింది. ఊరి కంట పడకుండా మేకలన్నిటినీ మా తాత కచేరీ గదిలోకి తోలి తలుపులు వేయించాడు. ఒకప్పుడు ఊరంతా చేతులు కట్టుకుని నిలబడిన గది అది. కిటికీలు మూసి ఉండేవి, నేల చల్లగా ఉండేది, గోడ మీద ఖాళీ మేకులు. ఆ చీకట్లో, ఆ ఇరుకులో మేకలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పేలకు అంతకంటే కావలసిందేముంది? ఎక్కువ గోక్కుంటున్న మేకలకే గుట్టుగా నూనె రాయించాడు మా నాయన. అవి నాలుగు రోజులు బాగుండి, పక్కనున్న వాటి నుంచి మళ్లీ తెచ్చుకున్నాయి. మేకపిల్లలు చిక్కిపోయాయి. బాపమ్మ ఒక పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసింది. ఎర్రగా ఉండవలసింది సున్నం రంగులో ఉంది. "నెత్తురంత తాగినయ్," అంది. ఆ పిల్ల మరునాటికి లేవలేదు.

ఆ రోజుల్లోనే నాకు ఒక ఆలోచన వచ్చింది. సులోచన తలకు పేలు ఊరి పిల్లల తలల నుంచి వచ్చాయి, నాకు ఊరి పిల్లలతో ఆడే అనుమతి లేదు. కానీ ఇంట్లోనే, కచేరీ గదిలోనే, కావలసినన్ని పేలు ఉన్నాయి. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు నేను ఆ గదిలోకి దూరి, జడ విప్పుకుని, అన్నిటికంటే ఎక్కువ గోక్కునే మేక పక్కన కూర్చుని దాని మెడకు నా తల ఆనించేదాన్ని. దాని ఒళ్లు వెచ్చగా ఉండేది. నెమరు వేసే చప్పుడు నా చెవిలో మోగేది. ఏదో కదిలినట్టు, పాకినట్టు అనిపించేది. బయటికి వచ్చి ఇక దురద పుడుతుందని ఎదురుచూసేదాన్ని. పుట్టలేదు. మరునాడు మళ్లీ వెళ్లేదాన్ని. రాత్రి మా అమ్మ తల దువ్వుతూ "మేకవాసన ఎక్కడిదే?" అనేది. దువ్వెనకు మాత్రం ఏమీ తగిలేది కాదు. ఆ చలికాలం నేను మేక పేలకు నా తలను అన్ని విధాలా అప్పగించాను, అవి తీసుకోలేదు. మేక పేను మేక ఒంటి మీదే బతుకుతుందని, మనిషి మీద దానికి కాపురం కుదరదని ఇవాళ డాక్టర్లు చెబుతారు. నేను అప్పుడు అలా అనుకోలేదు. చివరికి పేలకు కూడా సులోచనే కావలసి వచ్చిందనుకున్నాను.

మేకపిల్ల చచ్చిన తరువాత బాపమ్మ ఇక ఎవరినీ అడగలేదు. ఒక పొద్దున కచేరీ తలుపులు తానే బార్లా తెరిచి, ముందు గుమ్మంలోంచి, ఊరు చూస్తుండగా మేకల్ని వాకిట్లోకి తోలింది. లోపలి గడ్డి అంతా ఊడ్చి తగలబెట్టించింది, నేల మీద సున్నం చల్లించింది. మేకల వెంట్రుకలు కత్తిరించి, గోక్కునేది గోక్కోనిది అని చూడకుండా ఒక్కదాన్నీ వదలక మందు పట్టించింది. వేపనూనెలో సీతాఫలం గింజల పొడి కలిపిన మందు అది. ఆ పొడి కంట్లో పడితే చూపు పోతుందని, మేక కళ్లకు తడిగుడ్డ కట్టి, తన మూతికీ గుడ్డ కట్టుకుంది. పక్కన కళ్లగుడ్డలు కట్టే పని ఎవరిది? సులోచనది. నేను మేడ మీది కిటికీ దగ్గర నిలబడ్డాను. దిగబోతే మా నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు రాకు. ఈ ఇంటి వారసురాలివి నువ్వు."

వారసురాలిని గనుక కిటికీ దగ్గర ఉండిపోయాను. కింద ఆ ముసలావిడ, ఆ పిల్ల మూతులకు గుడ్డలు కట్టుకుని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ నవ్వుతున్నారు. ఊళ్లోవాళ్లు గేటు దగ్గర గుమిగూడారు, కానీ ఎవరూ నవ్వలేదు. ఒకామె తన మేకల్ని కూడా తోలుకుని వచ్చింది. రెండు వారాలకు బాపమ్మ మళ్లీ మందు కలపడం మొదలుపెడితే మా నాయన విసుక్కున్నాడు.

"పేలు పోయినయ్ గదమ్మా, మళ్ల ఏందిది?"

"పేలు పోయినయ్. ఈరులకు మందు తాకదురా. అవి పగిలి పిల్లలైనయ్ ఇప్పుడు. అవి గుడ్లు పెట్టకముందే పట్టాలె. ఒక్కసారికే అయిపాయెననుకుంటె మొదటికొస్తది."

ఆ తరువాత కొత్తమేక ఏది వచ్చినా కొన్నాళ్లు దూరంగా కట్టేసి, ఊది చూసి, అప్పుడే మందలో కలిపేది. ఆమె ఉన్నంత కాలం మా మేకలకు మళ్లీ పేలు పడలేదు. సులోచన తలలో మాత్రం పడుతూనే ఉన్నాయి. ఆ ఒడి దానిదిగానే ఉండిపోయింది. బాపమ్మ పోయాక మంద వెనక వాకిలి వాళ్లకు వెళ్లింది, కథలు సులోచనతో వెళ్లాయి. నాకు ఇంటి తాళంచెవి వచ్చింది. ఆ తాళం పట్టే తలుపు ఇప్పుడు లేదు.

"ఈమధ్య కొత్తమేకను తెచ్చావా? విడిగా కట్టలేదా?" అని అడిగాను ఆ కొట్టం ముందు సులోచనను, నా గొంతులో కొంచెం తృప్తి వినబడి ఉండాలి.

"కట్టిన. ఒక్కతే ఉండి మే మే అని ఒర్రుడు ఒర్రుడు. మంచిగనిపియ్యలే. తెచ్చి వీటితోని పండవెట్టిన," అంది తల దించుకుని. "బాపమ్మ ఉంటె తిట్టేది. డాక్టర్‌ని పిలిచిన, ఒకసారి మందు వెయ్యడం అయ్యింది. పాలిచ్చే వాటికి వేరే మందు, పిల్లలకు తూకం చూసి ఇచ్చిండు. వచ్చే వారం రెండోసారి వెయ్యాలె. అంతల వీళ్లు మీద వడ్డరు."

అప్పుడే ఒకావిడ వచ్చింది. పక్క గేటు అసోసియేషన్‌లో పెద్ద, పేరు మాధవి, కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతోంది. గట్టి మనిషి, కానీ మర్యాద తెలిసిన మనిషి.

"నమస్తే అండి. సులోచన గారంటే మాకు కోపమేం లేదండి. కానీ మా పాప తలనిండా పేలండి. రోజూ గోడ దగ్గరికొచ్చి ఆ మేకపిల్లల్ని ఎత్తుకుని ముద్దాడుతుంది. మిగతా వాళ్లు కూడా భయపడుతున్నారు. అందరూ కలిసి మున్సిపాలిటీకి చెబుదామంటున్నారండి. మేకల్ని ఎక్కడికైనా మార్చేయండి."

"యాడికి మార్చాలె మేడం?" అంది సులోచన. "ఇదే ఉన్నది నాకు."

"మేక పేలు మనుషులకు ఎక్కవండి," అన్నాను నేను.

"డాక్టర్ గారు కూడా అదే అన్నారటండి. కానీ ఎలా నమ్మమంటారు? మీరేమైనా చూశారా?"

నేను వెన్ను నిటారుగా పెట్టి నిలబడ్డాను. ఎదురుగా మేకలు, పక్కన సులోచన. చెప్పకపోతే ఆ మేకలు పోతాయి, చెబితే ఇన్నేళ్లుగా నేను సులోచన ముందు నిలబెట్టుకున్న పెద్దరికం పోతుంది. ఆ రెంటిలో ఏది పోతే నాకు సుఖమో ఒక్క క్షణం నిజంగా ఆలోచించాను. నా నేలలాగే సులోచన నేల కూడా అద్దాల మేడ అయిపోయినట్టు ఊహించుకున్నాను. అనుకున్నంత బాగా లేదు.

"నా చిన్నప్పుడు మా మేకలకు ఇంతకంటే ఎక్కువ పేలు పడ్డాయి," అన్నాను. "చలికాలం పొడుగునా నేను రోజూ జడ విప్పుకుని, వాటి మెడకు తల ఆనించి కూర్చున్నాను. ఒక్క పేను ఎక్కలేదు."

"అయ్యో, ఎందుకండీ?"

"నా తలలో పేలు పడాలని. పడితే మా బాపమ్మ నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని చూస్తుందని."

మాధవి మొదట నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. కాసేపు మేకల వైపు చూసింది. "పాప బళ్లో కూడా చాలామందికి ఉన్నాయని టీచర్ అన్నారులెండి. అక్కడివే అయుంటాయి," అంది మెల్లగా. "రెండోసారి మందు వేసేదాకా పిల్లల్ని ఇటు రానివ్వం. మందు తడి కూడా తగలకూడదు కదండి. తరువాత మీ ఇష్టం. మావాళ్లకు నేను చెబుతాను." వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "పాపకి రోజూ ఫోన్లో బొమ్మలు పెట్టి షాంపూ రాసేస్తున్నానండి. ఒళ్లో పడుకోబెట్టుకోలేదు," అని వెళ్లిపోయింది.

సులోచన నల్లమేకను వదిలేసి గడప మీద కూర్చుంది. నేను దూరంగా అద్దాల మేడల మీద పొద్దు ఎలా పడుతోందో చూస్తూ నిలబడ్డాను.

"అక్కా," అంది. "నా తలల పేలు ఎక్కడియే? మేకలకు మందు పట్టిచ్చిన నాడే బాపమ్మ నా తలకు కూడ వేపనూనె పెట్టింది. రెండు వారాలకు మళ్ల పెట్టింది. ఒక్కటి లేకుంట పోయినయ్."

"అబద్ధం. ఆమె పోయేదాకా నీ తల చూస్తూనే ఉంది."

"చూసింది. నేను ఊకెనే గోక్కునేదాన్ని."

"మరి ఆ టక్కు టక్కు చప్పుడు?"

"గోళ్లు. ఒట్టి గోళ్లే. ఆమెకు తెల్వదా? తెలుసు. ఇద్దరం బయటికి ఏమనుకోలే."

నా ఇంటి మీద, నా నేల మీద, నా కథల మీద ఎవరు ఏ హక్కు పొందినా ఇంత మంట నాకు కలగలేదు. తల వెనుకకు చేయి పోనిచ్చి గోక్కుంటే సరిపోయే పనికి నేను చలికాలమంతా కచేరీ గదిలో మేక మెడను పట్టుకుని కూర్చున్నాను. ఆ ఉపాయం దానికి తోచింది, నాకు తోచలేదు. వారసురాలికి గోక్కోవాలని ఎందుకు తోస్తుంది?

సులోచన గడప మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లలోంచి మేకల వాసన, పొద్దున చేతులకు రాసుకున్న వేపనూనె వాసన. నేను చాలాసేపు నిలబడ్డాను. ఆ తరువాత వెన్ను వంచకుండానే చేయి పైకెత్తి, చెవి వెనుక ఒకసారి గోక్కున్నాను.

"ఏమైంది దొరసానీ?"

"ఏమో. దురదగా ఉంది."

సులోచన నా ముఖంలోకి చూసింది. నవ్వలేదు. ఒడిలోని మేక వెంట్రుకలు దులిపేసుకుని, కొంచెం పక్కకు జరిగి, "దా," అంది.